బోటును అమరం వైపు నుంచి చూడాలి

2022 సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున్న, అమెరికాలో అట్లాంటా దగ్గరున్న లేక్ లేనియర్ అనే సరస్సు ఒడ్డున ఒక మెరీనాలో రెండు బోట్లు పక్కపక్కనే కట్టేసి ఉన్నాయి. ఒకే కంపెనీ తయారీ, రెండూ 2019 మోడళ్లే. 21 అడుగుల పొడవు, ముందు భాగంలో ఎదురెదురుగా కూర్చునే సీట్లు, తెల్లటి ఒంటి మీద నీలం చార. ఒడ్డు మీద నుంచి చూస్తే కవలపిల్లల్లా ఉన్నాయి. తేడా అంతా వెనక ఉంది. ఒకదానికి ఇంజను బోటు కడుపులో ఉంటుంది, ప్రొపెల్లరు ఉన్న కాలు మాత్రం వెనక నుంచి నీళ్లలోకి దిగుతుంది. దాన్ని స్టెర్న్‌డ్రైవ్ అంటారు. రెండోదానికి ఇంజను మొత్తం బయటే, వెనక గోడకు బిగించి ఉంది. అది అవుట్‌బోర్డు.

మావారు అప్పటికే అవుట్‌బోర్డు అని మనసులో ఖాయం చేసుకుని వచ్చారు. నేను స్టెర్న్‌డ్రైవే కావాలని పట్టుబట్టాను, చివరికి అదే కొన్నాం. ఆ తర్వాత మా కమ్మింగ్‌లో, జాన్స్ క్రీక్‌లో బోటు కొనాలనుకున్న తెలుగువాళ్లు ఫోన్ చేసి అడిగినప్పుడల్లా ఇదే కథ ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఈసారి మొత్తం ఒకచోట రాసి పెడుతున్నాను. నా మాట అందరూ ఒప్పుకోరని తెలుసు. అవుట్‌బోర్డే తెలివైన పని అని ఇప్పుడు ఎక్కడ చూసినా అంటున్నారు. ఆ మాటలో నిజం చాలా ఉంది, అది కూడా దాచకుండా చెబుతాను.

మావారు ఎక్సెల్ షీటు తయారు చేశారు. 19 వరసలు. ఇంజను సైజు, హార్స్‌పవరు, బరువు, ట్యాంకు, గరిష్ఠ వేగం, ఎన్ని గంటలు తిరిగింది, ఎంత అడుగుతున్నారు. స్టెర్న్‌డ్రైవ్‌ది 4.5 లీటర్ల వి6, 250 హెచ్‌పీ. అవుట్‌బోర్డుది 3.4 లీటర్ల వి6, 200 హెచ్‌పీ. హార్స్‌పవరు తక్కువే అయినా అవుట్‌బోర్డు బరువు రెండోదానిలో సుమారు సగం. అందువల్ల రెండూ నీటి మీదికి లేచి పరిగెత్తడంలో తేడా సెకనో, రెండు సెకన్లో. ధరలో తేడా నాలుగు వేల డాలర్లు, అవుట్‌బోర్డే ఎక్కువ. ఆ షీటును ఎన్నిసార్లు పైనుంచి కిందికి చదివినా ఏ వరసా నాకు నిర్ణయం చెప్పలేదు. అడుగుభాగం ఒకటే అయినప్పుడు అలని చీల్చే తీరూ ఒకటే. ఇక గరిష్ఠ వేగమా? జార్జియాలో ఇంకో బోటుకి గానీ, డాక్‌కి గానీ, ఒడ్డుకి గానీ 100 అడుగుల లోపల ఉంటే నడక వేగం దాటకూడదని చట్టం. శనివారం మధ్యాహ్నం లేనియర్ మీద అందరి బోట్ల అలలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే గంటకు పాతిక మైళ్లు దాటి ఎవరికి పోబుద్ధవుతుంది?

ఈ సరస్సు గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే బోటు ఎంపిక సగం నీళ్ల సంగతే. చాటహూచీ నదికి అడ్డంగా బ్యూఫర్డ్ డ్యామ్ కట్టి, 1956లో ఈ సరస్సును నింపడం మొదలుపెట్టారు. విస్తీర్ణం సుమారు 38 వేల ఎకరాలు. పెత్తనం అమెరికా సైన్యంలోని ఇంజనీర్ల విభాగం, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌ది. నిండుమట్టం సముద్రమట్టానికి 1,071 అడుగులు. కరువు వచ్చిన 2007 డిసెంబరులో అది 20 అడుగులు కిందికి పోయింది. మునిగిన కొండలూ గుట్టలూ కాబట్టి మట్టం కొంచెం తగ్గితే చాలు, నిరుడు ఈదిన చోట ఈ ఏడు ఎర్రమట్టి దిబ్బ కనబడుతుంది. ముఖ్యంగా ఇది మంచినీళ్ల సరస్సు. ఉప్పు లేదు. ఈ ఒక్క మాటను గుర్తుపెట్టుకోండి, కిందికి వెళ్లాక మళ్లీ పనిపడుతుంది.

నేను ముక్తేశ్వరం వైపు పుట్టాను. కాలేజీకి రోజూ పంటు మీద గోదావరి దాటి కోటిపల్లి రేవులో దిగి, అక్కడ రామచంద్రపురం బస్సు పట్టుకునేదాన్ని. పడవ ముందు కొసను అణియం అనీ, వెనక కొసను అమరం అనీ అంటారని మా తాతయ్య చెప్పేవాడు. కొత్తగా పడవ ఎక్కినవాళ్లు అణియంలో కూర్చుంటారు, గాలి తగులుతుందని. అనుభవం ఉన్నవాళ్లు అమరం వైపు చూస్తారు. చుక్కాని అక్కడే, దాన్ని పట్టుకునే మనిషీ అక్కడే. తాతయ్య ఏ పడవ దగ్గరికి వెళ్లినా ముందు వెనక్కి నడిచి, అక్కడ నీళ్లెంత చేరాయో చూసి, అప్పుడు ఎక్కేవాడు.

అమెరికాలో బోటు అమ్మేవాళ్లు మనల్ని అణియం వైపు నుంచి ఎక్కిస్తారు. ముందు సీట్ల మెత్తదనం చూపిస్తారు, స్పీకర్లు మోగిస్తారు, స్టీరింగు దగ్గర నిలబెట్టి ఫొటో తీస్తారు. అప్పటికే మనం సగం కొనేసినట్టు. వెనక ఏముందో చూడటానికి ఎవరూ తీసుకెళ్లరు. కానీ సరస్సు మీద గడిపే రోజు ఎలా ఉంటుందో ఆలోచించండి. మా ఇంట్లో అయితే 20 నిమిషాలు నడపడం, ఏదో ఒక మూలకు వెళ్లి లంగరు వేయడం, మూడు గంటలు నీళ్లలో ఉండటం, పులిహోర తినడం, మళ్లీ నీళ్లలో దూకడం, 20 నిమిషాల్లో ఇంటిదారి. ఆ మూడు గంటలూ జరిగేదంతా బోటు వెనకే. పిల్లలు దిగేది అక్కడ, ఎక్కేది అక్కడ. పెద్దవాళ్లు కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చునేది అక్కడ. తాడు కట్టేది, తడి తువ్వాలు ఆరేసేది అక్కడే. మావారి షీటులో ఉన్న 19 వరసల్లో వెనక భాగం గురించి ఒక్క వరసా లేదు.

ఆ ఏడు మే నెల నుంచి అమ్మ మా దగ్గరే ఉంది. 68 ఏళ్లు, ఒక మోకాలు మార్పిడి అయింది, రెండోది ఇవాళో రేపో అన్నట్టుంది. ఆమెకి నీళ్లంటే ప్రేమ, బోటంటే భయం. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్లిన బోటు కచ్చులూరు దగ్గర మునిగి పదులమంది పోయిన సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. కాకినాడ ధర్మాడి సత్యం బృందం అక్టోబరులో ఆ బోటును బయటికి లాగేవరకు అమ్మ పొద్దున్న లేస్తూనే టీవీ పెట్టేదట. అందుకని మేం బోటు కొంటున్నామనగానే ఆమె అడిగినవి రెండే: "ఎంతమందిని ఎక్కిస్తారే? జాకెట్లున్నాయా?" 19 వరసల షీటు కంటే ఇవి మంచి ప్రశ్నలు. 20 అడుగుల లోపు బోట్లకు ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత బరువు మోస్తుందో రాసిన రేకు ఉండాలని ఇక్కడి ఫెడరల్ చట్టం. మా బోటు ఆ పొడవు దాటినా కంపెనీ వాళ్లు రేకు వేశారు. దాని మీద ఎంత రాసి ఉన్నా మేం ఎనిమిది మందిని దాటనివ్వం. కదులుతున్న బోటులో 13 ఏళ్ల లోపు పిల్లలు జాకెట్ వేసుకుని తీరాలని జార్జియా చట్టం చెబుతుంది. మా బోటులో వయసుతో పని లేదు, అందరికీ అదే నియమం.

ఆ శనివారం అమ్మని కూడా మెరీనాకి తీసుకెళ్లాం. డాక్ మీద నిలబడి చుట్టూ చూసి, "మీ రేవుకి మెట్లుండవా?" అని అడిగింది. నాకు వెంటనే తట్టింది, మనకి కావలసింది మెట్లున్న బోటని.

ముందు అవుట్‌బోర్డు. వెనక నుంచి ఎక్కిద్దామని తీసుకెళ్లాం. ఇంజను మధ్యలో ఉంటుంది కాబట్టి కాలు మోపే చోటు రెండు ముక్కలైపోయింది, కుడివైపు ఒక పలక, ఎడమవైపు ఒక పలక. ఒక్కోదాని మీద ఒక్క మనిషే హాయిగా నిలబడగలరు. అమ్మ ఎడమ పలక మీద కాలు పెట్టి, లోపలికి తిరగడానికి ఏదైనా పట్టుకోవాలని చూసింది. చేతికి అందింది ఇంజను మూత. అది నున్నగా, గుండ్రంగా ఉంది, పట్టు దొరకదు. నేను లోపల నుంచి ఒక చెయ్యి, మావారు డాక్ మీద నుంచి ఒక చెయ్యి పట్టుకుంటే ఎక్కింది. ఎక్కాక ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు.

తర్వాత స్టెర్న్‌డ్రైవ్. దీనికి వెనక బోటు వెడల్పంతా పలక. ఎనిమిది అడుగుల పైన వెడల్పు, మూడడుగుల లోతు. దానికి ఆనుకుని లోపలివైపు ఇంజను మూత మీద మెత్తటి పరుపు, పక్క నుంచి లోపలికి నడిచే దారి. అమ్మ డాక్ మీద నుంచి దాని మీదికి అడుగు వేసి, ఒకసారి కాలితో నొక్కి చూసి, అక్కడే పరుపుకి చేరబడి కూర్చుంది. "అరుగులా ఉందే" అంది.

అరుగే అది. ఇంగ్లీషు పేరు ఏదైనా, మా ఇంట్లో ఆ రోజు నుంచీ దాన్ని అరుగు అనే అంటాం. ఊళ్లో వీధి అరుగు ఇంటికి ఏమిటో, బోటుకి ఇది అదే. లోపలా కాదు, బయటా కాదు. వచ్చేవాళ్లు కూర్చునే చోటు, పెద్దవాళ్లు పిల్లల్ని చూస్తూ ఉండే చోటు. అవుట్‌బోర్డు బోటుకి ఆ అరుగు మధ్యలో ఇంజను నిలబడింది.

అంతటితో ఆగలేదు. నేను బట్టలు మార్చుకుని నీళ్లలోకి దిగాను. అమ్మే మనిషి ఆశ్చర్యపోయాడు, కొనేముందు నీళ్లలో దిగి చూసినవాళ్లని తను చూడలేదన్నాడు. ఎందుకు చూడరో నాకు అర్థం కాదు. కొనేది నీళ్లలో దిగడానికే కదా! రెండు బోట్ల నిచ్చెనా ఎక్కి చూశాను. రెండింటికీ మూడు మెట్లే. నీళ్లలో ఉన్నప్పుడు మన ఒంటి బరువు తెలియదు, నిచ్చెన ఎక్కుతుంటే ఒక్కో మెట్టుకీ అది తిరిగి మీద పడుతుంది. చివరి మెట్టు నీళ్లలో ఎంత లోతుకి ఉంటే అంత తేలిక, లేకపోతే మోకాలు గుండెలదాకా మడిచి ఎక్కాలి. ఆ విషయంలో రెండు బోట్లూ ఒకే రకంగా తక్కువ చేశాయి. కానీ స్టెర్న్‌డ్రైవ్‌లో నిచ్చెన ఎక్కగానే బోర్లా పడుకుని పాకడానికి చోటుంది. అలసిపోయిన మనిషికి, భయపడ్డ పిల్లకి, ఆ చోటే ప్రాణం. అవుట్‌బోర్డులో ఎక్కిన వెంటనే నిలబడి తిరగాలి.

నా వాదన ఇంత సులువుగా గెలిచేస్తే అది వాదనే కాదు. మావారు కారులో ఇంటికి వస్తూ చెప్పినవన్నీ నిజాలు.

మొదటిది, ఇంజను బయట ఉంటే బోటు కడుపంతా ఖాళీ. సామాను పెట్టుకోవచ్చు. రెండు, పని అయిపోయాక ఇంజనును పూర్తిగా నీళ్ల పైకి ఎత్తేయవచ్చు. స్టెర్న్‌డ్రైవ్ కాలును ఎంత ఎత్తినా కొంత భాగం నీళ్లలోనే ఉంటుంది. మూడు, అవుట్‌బోర్డును నిలువుగా దించి వదిలితే లోపలి నీళ్లన్నీ వాటంతటవే కారిపోతాయి. మాలాంటి స్టెర్న్‌డ్రైవ్‌లో సరస్సు నీళ్లే ఇంజను బ్లాకులో తిరిగి దాన్ని చల్లబరుస్తాయి, చలికాలం ముందు వాటిని తీయకపోతే గడ్డకట్టి బ్లాకును పగలగొడతాయి. నాలుగు, ఎప్పటికైనా ఇంజను పాడైతే అవుట్‌బోర్డును విప్పి కొత్తది బిగించడం ఒక రోజు పని. ఐదు, అమ్మేటప్పుడు అవుట్‌బోర్డుకి గిరాకీ ఎక్కువ. నాలుగు వేల డాలర్ల తేడా అందుకే.

ఆరోది ఆయన చెప్పలేదు, నేనే చెబుతాను. స్టెర్న్‌డ్రైవ్‌లో బోటు గోడకి కన్నం చేసి ఇంజనును బయటి కాలుతో కలుపుతారు. ఆ కన్నం గుండా నీళ్లు రాకుండా ఆపేది ముడతలు ముడతలుగా ఉండే ఒక రబ్బరు గొట్టం. బెలోస్ అంటారు. అది ఎండకీ వయసుకీ చిట్లితే, కట్టేసిన బోటు కట్టేసినట్టే మునుగుతుంది. 1959 న్యూయార్క్ బోట్ షోలో వోల్వో పెంటా మొదటి స్టెర్న్‌డ్రైవ్‌ను చూపించిన నాటి నుంచి ఇప్పటిదాకా ఈ అమరికకి అదే బలహీనత. ఇంత పెద్ద బోటు, అరచేతి మందం కూడా లేని రబ్బరు మీద ఆధారపడిందని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరి ఇన్ని తెలిసీ ఎందుకు? ఇక్కడే అందరూ దాటేసే ప్రశ్న ఒకటుంది. బోటు రాత్రి ఎక్కడ పడుకుంటుంది?

మెరీనాలో నీళ్ల మీదే కట్టేసి ఉంచే బోటుకి అవుట్‌బోర్డు కొనండి. నేను వాదించను. ఉప్పునీళ్లలో తిప్పే బోటుకి, అంటే సవానాలోనో టాంపాలోనో ఉండేవాళ్లు, అసలు ఇంకో ఆలోచన పెట్టుకోకండి. నీళ్లలో నానే లోహానికి ఉప్పు చేసే కీడు మాటల్లో చెప్పలేం. కానీ మా బోటు నీళ్లలో పడుకోదు. లేనియర్ మీద చాలా మెరీనాల్లో బోట్లని అరల్లో, ఒకదాని మీద ఒకటి, షెడ్డు కింద పేర్చి ఉంచుతారు. మనం ముందు రోజు ఫోన్ చేస్తే పెద్ద ఫోర్క్‌లిఫ్టుతో దించి నీళ్లలో పెడతారు. సాయంత్రం తిరిగొచ్చాక ఎత్తి అరలో పెట్టేస్తారు. ఎండ పడదు, నీళ్లలో నానదు, నాచు పట్టదు. మంచినీళ్ల సరస్సు, ఆ పైన ఎండు అర. ఈ రెండూ కలిస్తే స్టెర్న్‌డ్రైవ్ మీద చెప్పే అభ్యంతరాల్లో పెద్దవి రెండు తేలిపోతాయి. ఇక మిగిలేవి చలికాలం, బెలోస్, తిరిగి అమ్మే ధర. వాటికి డబ్బు కట్టొచ్చు. అరుగు లేని బోటుకి ఎంత డబ్బు పెట్టినా అరుగు రాదు. ఇదే నా వాదన మొత్తం. దీన్ని ఎంత విప్పి చెప్పినా చివరికి ఇక్కడికే వస్తాను.

డబ్బు సంగతి దాచను. ఏటా చలికాలం ముందు నీళ్లు తీయించడానికి, ఆయిలు మార్పించడానికి నాలుగైదు వందల డాలర్లు అవుతోంది. కొన్న మొదటి డిసెంబరులోనే క్రిస్మస్ ముందు అట్లాంటా ఎనిమిది డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పడిపోయింది. మన లెక్కలో సున్నాకి కింద 13. అంతకు మూడు వారాల ముందే మావారు నీళ్లు తీయించి ఉన్నారు. ఆ రెండు రాత్రులూ ఆయన నా వైపు చూసిన చూపు మర్చిపోలేను. "అవుట్‌బోర్డు అయితే ఈ భయం ఉండేది కాదు కదా?" అన్నారు. ఉండేది కాదు. ఒప్పుకున్నాను. 2024 వేసవికి ముందు బెలోస్ కూడా మార్పించాం, చిట్లలేదు కానీ వయసైందని. 1,100 డాలర్లు. చిట్లేదాకా ఆగే వస్తువు కాదది. పాత స్టెర్న్‌డ్రైవ్ కొనేవాళ్లు అమ్మేవాడిని అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే, బెలోస్ ఎప్పుడు మార్చారు, రసీదు ఉందా అని. మేం అంతకు ముందు చూసిన ఒక బోటు విషయంలో "ఈ మధ్యే మార్చాం" అని చెప్పి, రసీదు అడిగేసరికి ఫోన్ ఎత్తడం మానేశారు. ఆ బోటు చూడటానికే మళ్లీ వెళ్లలేదు.

అరుగు గురించి ఇంత ప్రేమగా చెప్పాను కాబట్టి అరుగు ఎలా చంపగలదో కూడా చెప్పాలి. ఇది చదివి ఎవరైనా స్టెర్న్‌డ్రైవ్ కొంటే ఈ పేరా రెండుసార్లు చదవండి. స్టెర్న్‌డ్రైవ్ ప్రొపెల్లరు సరిగ్గా అరుగు కిందే ఉంటుంది. పొగ కూడా అక్కడి నుంచే వస్తుంది. ఆ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. యూటా, ఆరిజోనా సరిహద్దులోని లేక్ పావెల్‌లో హౌస్‌బోట్ల వెనక ఈదుతున్న మనుషులు జనరేటరు పొగకి ప్రాణాలు పోగొట్టుకున్నాక ఫెడరల్ పరిశోధకులు వెళ్లి దాన్ని లోతుగా పరిశీలించారు. 2010 మోడళ్ల నుంచి స్టెర్న్‌డ్రైవ్ ఇంజన్లకు కార్లలో లాగా కాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి, పొగలో విషం తగ్గింది. తగ్గింది, పోలేదు. అందుకని మా బోటులో అరుగు మీద ఒక్క కాలు ఉన్నా ఇంజను తాళంచెవి నా చేతిలో ఉంటుంది. న్యూట్రల్‌లో పెట్టాం అంటే కుదరదు. ఆపాలి, తాళం తీయాలి. మా పిల్లలు దూకేముందు "తాళం?" అని అరుస్తారు, నేను చెయ్యెత్తి చూపిస్తేనే దూకుతారు.

రెండో ప్రమాదం బోటు కడుపులో ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, కిందికి దిగి ఇంజను గదిలో పేరుకుంటుంది. ఇంజను వేసేముందు, ముఖ్యంగా పెట్రోలు పోయించాక, మూత ఎత్తి వాసన చూడాలి, ఆ గదిలో గాలిని బయటికి తోసే ఫ్యాను, అంటే బ్లోయరు, నాలుగు నిమిషాలు తిప్పాలి. నాలుగు అంటే నాలుగే. వంటింట్లో గ్యాసు వాసన వస్తే లైటు స్విచ్చి ముట్టుకోవద్దని మనకి చిన్నప్పటి నుంచి చెప్పారు కదా, ఇదీ అంతే. అవుట్‌బోర్డు వాళ్లకి ఈ భయం చాలా తక్కువ. వాళ్ల వైపు ఉన్న మాటల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే, డబ్బు లెక్కలు కాదు. బద్ధకస్తుల ఇంట్లో స్టెర్న్‌డ్రైవ్ ఉండకూడదు. ఈ మాట మొహమాటం లేకుండా చెబుతున్నాను.

2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు బోటు నడిపేవాళ్లు ఇంజను ఆపే తాడును ఒంటికి తగిలించుకోవాలని ఫెడరల్ నియమం వచ్చింది. బోటు వేగంగా పోతున్నప్పుడు నడిపే మనిషి నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. ఇది రెండు రకాల బోట్లకీ ఒకటే. తగిలించుకోకుండా నడిపేవాళ్లని ప్రతి ఆదివారం చూస్తాను, చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టవుతుంది. 2012లో ఇదే సరస్సు మీద పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న ప్రమాదాల తర్వాత జార్జియా చట్టాలు గట్టిపడ్డాయి. తాగి నడిపేవాళ్లకి రక్తంలో మద్యం పరిమితిని 0.08కి దించారు, 1998 జనవరి 1న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్లు బోటు నడపాలంటే కోర్సు చదివి తీరాలన్నారు. మా పెద్దమ్మాయి ఆ కోర్సు చేసింది. వయసు రీత్యా మాకు అక్కర్లేకపోయినా మావారూ నేనూ కూడా చేశాం.

మావాడు వేక్‌సర్ఫింగ్ అడుగుతున్నాడు, బోటు వెనక అల మీద తాడు వదిలేసి నిలబడటం. దానికి సమాధానం రెండు బోట్లలోనూ ఒకటే, వద్దు. మామూలు స్టెర్న్‌డ్రైవ్‌లో గానీ అవుట్‌బోర్డులో గానీ ప్రొపెల్లరు ఆ పిల్లవాడికి కొద్ది అడుగుల దూరంలో తిరుగుతూ ఉంటుంది. ప్రొపెల్లరు ముందుకు తిరిగి ఉండే స్టెర్న్‌డ్రైవ్‌లు 2015 నుంచి వచ్చాయి, ఇక ఇలా మనుషుల్ని లాగడానికే చేసిన, ఇంజను మధ్యలో ఉండే టో బోట్లు ఎలాగూ ఉన్నాయి. అది కావాలనుకునేవాళ్లు ఈ రెండింటి మధ్య తూకం వేయడం మానేసి వాటిని చూడండి. ట్యూబు లాగడానికి, స్కీయింగ్‌కి మాదే బాగుంది. తాడు కొక్కెం అరుగు మధ్యలో ఉంటుంది కాబట్టి అడ్డం లేదు. అవుట్‌బోర్డులో తాడు ఇంజనుకి తగలకుండా పైకి ఒక కమ్మీ బిగించుకోవాలి.

నాకు ఫోన్ చేసినవాళ్లలో ఒకాయన చేపల కోసం కొంటున్నానన్నారు. తెల్లవారుజామున ఒక్కడే వెళ్లి స్ట్రైప్డ్ బాస్ పట్టుకుని తొమ్మిదింటికి ఇంటికి వచ్చేస్తారట. అవుట్‌బోర్డు కొనండి అన్నాను. ఆయనకి అరుగుతో పని లేదు. ఇంకొకావిడ, పిల్లలు చిన్నవాళ్లు, ఇంటి వెనకే డాక్ ఉంది, బోటు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నీళ్లలోనే ఉంటుందన్నారు. ఆవిడకి ఏం చెప్పాలో చాలాసేపు ఆలోచించాను. చివరికి డాక్ దగ్గర బోటును నీళ్ల పైకి ఎత్తే లిఫ్టు పెట్టుకోగలిగితే స్టెర్న్‌డ్రైవ్, లేకపోతే అవుట్‌బోర్డు అన్నాను. ఇప్పటికీ అది సరైన సలహానే అనుకుంటున్నాను. ఏది కొన్నా అద్దెకి ఒకరోజు తీసుకుని, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లనీ అందరికంటే చిన్నవాళ్లనీ నీళ్లలో దించి ఎక్కించి చూడమని ఇద్దరికీ చెప్పాను. మీరు ఒక్కరే వెళ్లి స్టీరింగు తిప్పి చూసి రావద్దు.

కొన్నాక రెండో ఆదివారం అమ్మని తీసుకెళ్లాం. యంగ్ డీర్ క్రీక్ వైపు ఒక మూలలో లంగరు వేసి, ఇంజను ఆపి, తాళం చూపించాను. అమ్మ చీర కుచ్చిళ్లు కొద్దిగా పైకి దోపుకుని, జాకెట్ తోనే అరుగు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టింది. చేత్తో నీళ్లు తీసి తల మీద చల్లుకుంది, కోటిపల్లి రేవులో చేసినట్టే. తర్వాత నన్ను పిలిచి, "ఆ నిచ్చెనకి ఇంకో మెట్టు పెట్టించవే, దిగుతాను" అంది. ఆ వేసవికి అది జరగలేదు, అక్టోబరులో వెళ్లిపోయింది.

ఈ మే నెలలో మళ్లీ వస్తోంది. రెండో మోకాలు కూడా అయిపోయింది. నాలుగు మెట్ల స్టీలు నిచ్చెన తెప్పించాం, మెట్లు వెడల్పుగా, పాదం జారకుండా గరుకుగా ఉన్నవి. దాని పక్కన నిలబడి పట్టుకోవడానికి ఒక పిడి కూడా. పోయిన ఆదివారం మావారే కూర్చుని బిగించారు. అరుగుకి కన్నాలు వేసిన చోట నీళ్లు దిగకుండా సీలెంటు ఎలా పూయాలో నాకు చెప్పనివ్వకుండా, రెండు గంటలు తీసుకుని, తనే పూసుకున్నారు.